క్రియ ఎవరి మాట వింటుంది?

(కందుకూరులో ఒక ఆదివారం ఉదయం, పదో తరగతి పిల్లలు, డిగ్రీ పిల్లలు, ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్నవాళ్ళ ముందు ఒక రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఇంకేమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకు వినబడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండమ్మా. ఆ... ఇప్పుడు బాగుంది.

గ్రామర్ అనగానే మొహాలు అలా పెట్టొద్దు. ఇవాళ నేను చెప్పేది ఒక్కటే ఒక్క సంగతి. కర్త ఒక్కడే ఉంటే గొడవ లేదు. ఇద్దరో ముగ్గురో కలిసి వచ్చారనుకోండి, అప్పుడు క్రియను ఏకవచనంలో పెట్టాలా, బహువచనంలో పెట్టాలా? ‘ఈజ్’ రాయాలా, ‘ఆర్’ రాయాలా? ‘హ్యాజ్’ అనాలా, ‘హ్యావ్’ అనాలా? ఇంతే. దీనికోసం గైడ్లలో పద్దెనిమిది రూల్సు, ఇరవై రూల్సు అని పట్టికలేస్తారు. మీరు రాత్రంతా బట్టీ పడతారు. పొద్దున పరీక్ష హాల్లో టెన్షన్‌లో ఏడో రూలు, పదకొండో రూలు కలిసిపోతాయి. అవునా కాదా?

ముందు ఒక లెక్క వేద్దాం. ‘రావడం’ అనే మాట తీసుకోండి. వచ్చాను, వచ్చాం, వచ్చావు, వచ్చారు, వచ్చాడు, వచ్చింది, వచ్చాయి. ఎన్నయ్యాయి? ఏడు. ఇదే ఇంగ్లీషులో? ‘కేమ్’. ఐ కేమ్, యూ కేమ్, హి కేమ్, దే కేమ్. అందరికీ ఒకటే. ఏడు రూపాల్ని నాలుగేళ్ళ వయసులో, ఎవరూ నేర్పకుండా, వీధిలో ఆడుకుంటూ పట్టేసినవాళ్ళం మనం. అలాంటిది ‘ఈజ్’, ‘ఆర్’ అనే రెండు ముక్కల దగ్గర ఎందుకు వణుకుతున్నాం? చెప్పండి, ఎందుకు?

ఎందుకంటే మన చెవికి తెలిసిందాన్ని మనం నమ్మం. గైడును నమ్ముతాం. ఇవాళ నేను చెప్పదలచుకున్నది అదే. ఈ విషయంలో మన తెలుగు చెవికి సగానికి పైగా ముందే తెలుసు. మిగతా సగంలో ఆ చెవే మనల్ని మోసం చేస్తుంది. ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో తెలిస్తే పట్టిక అక్కర్లేదు.

ఇంకో మాట. ఈ గొడవంతా వర్తమాన కాలంలోనే. భూతకాలంలోకి వెళ్తే ‘వాజ్’, ‘వర్’ తప్ప ఇంకే చిక్కూ లేదు. అంటే శత్రువు చాలా చిన్నవాడు. భయపడేంత లేదు.

సరే. ‘అండ్’ దగ్గర మొదలుపెడదాం. తెలుగులో ‘అండ్’ అనే మాట ఉందా? ‘మరియు’ అంటారు. మీ ఇంట్లో ఎవరైనా ‘మరియు’ అంటారా? ‘అమ్మ మరియు నాన్న ఊరెళ్ళారు’ అని ఎవరైనా అంటే వాడికి జ్వరమొచ్చిందనుకుంటారు. మనం ఏమంటాం? అమ్మా నాన్నా ఊరెళ్ళారు. రాజూ రవీ వచ్చారు. చివర ఒక దీర్ఘం. ఆ దీర్ఘమే మన ‘అండ్’. ఇద్దరి చివరా దీర్ఘం పెట్టామంటే ఇద్దరికీ సమానంగా పీట వేశామన్న మాట. అందుకే ‘వచ్చారు’. ఇంగ్లీషూ అంతే. ‘రాజు అండ్ రవి హ్యావ్ కమ్’. ఇందులో మీకు ఎవరూ చెప్పాల్సింది లేదు.

మరి చిక్కెక్కడ? ‘అండ్’ ఉన్నా కొన్నిసార్లు ‘ఈజ్’ వస్తుంది. ‘బ్రెడ్ అండ్ బటర్ ఈజ్ మై బ్రేక్‌ఫాస్ట్’ అని ప్రతి గైడులోనూ ఉంటుంది. మనలో ఎంతమంది పొద్దున్నే బ్రెడ్డూ బటరూ తింటారు? మన వంటింట్లోకి రండి. పప్పూ అన్నమూ. అవి రెండు. పప్పు ఈ గిన్నెలో ఉంది, అన్నం ఆ గిన్నెలో ఉంది. రెండూ ‘ఉన్నాయి’. వాటిని కంచంలో కలిపి, నెయ్యి వేసి, ముద్ద చేశారనుకోండి. అప్పుడు దాని పేరేంటి? పప్పన్నం. పప్పన్నం ‘బాగున్నాయి’ అంటామా? బాగుంది అంటాం. పదార్థాలు అవే. మారిందేమిటి? మనం చూసే చూపు మారింది. గిన్నెల్లో ఉన్నప్పుడు రెండు, ముద్దయ్యాక ఒకటి.

ఇంగ్లీషువాడికి ‘పప్పన్నం’ లాంటి సమాసం అంత తేలిగ్గా రాదు. వాడు ముద్ద చేసినా ‘అండ్’ అలాగే ఉంచేస్తాడు. ముద్దయిందో లేదో చెప్పడానికి వాడి దగ్గరున్నది క్రియ ఒక్కటే. ‘ఫిష్ కర్రీ అండ్ రైస్ ఈజ్ మై ఫేవరిట్ మీల్’ అన్నామనుకోండి, అది కంచంలో ఉన్న నెల్లూరు చేపల పులుసు అన్నం, మామిడికాయ ముక్క వేసి, నిన్న రాత్రి వండింది. ఒకటే భోజనం, అందుకే ‘ఈజ్’. ‘ది ఫిష్ కర్రీ అండ్ ది రైస్ ఆర్ గెటింగ్ కోల్డ్’ అంటే అవి ఇంకా గిన్నెల్లోనే ఉన్నాయి. రెండు గిన్నెలు, అందుకే ‘ఆర్’. కాబట్టి ‘అండ్’ కనబడగానే పెన్ను పరిగెత్తనివ్వకండి. గిన్నెలా, ముద్దా? అంతే అడగండి.

పేర్లలో ఉండే ‘అండ్’ కూడా ముద్దే. జమ్మూ అండ్ కశ్మీర్ ఈజ్. రెండు చోట్ల పేర్లున్నా అది ఒకే ప్రాంతం.

ఇక్కడే మన చెవి మోసం చేసే చోటు ఒకటుంది, జాగ్రత్త. ‘లా అండ్ ఆర్డర్’. పేపర్లో ఏం రాస్తారు? ‘శాంతిభద్రతలు క్షీణించాయి’. మనకది బహువచనం. దాన్ని తలలో పెట్టుకుని ‘లా అండ్ ఆర్డర్ హ్యావ్’ అని రాసేస్తాం. ఇంగ్లీషులో అది ముద్ద. ‘లా అండ్ ఆర్డర్ హ్యాజ్’. పాలు కూడా ఇంతే. మనకు పాలు విరిగిపోయా‘యి’, నీళ్ళు వచ్చా‘యి’. వాళ్ళకు ‘మిల్క్ ఈజ్’, ‘వాటర్ ఈజ్’. నా సర్వీసులో ‘వాటర్ ఆర్ నాట్ కమింగ్’ అని ఎన్ని కాగితాల మీద ఎర్ర సున్నా చుట్టానో లెక్కలేదు. పిల్లవాడి తప్పు కాదది. వాడు తెలుగులో సరిగ్గా ఆలోచించాడు, అంతే.

గౌరవం కూడా అలాంటిదే. ‘మా నాన్నగారు వచ్చారు’ కాబట్టి ‘మై ఫాదర్ హ్యావ్ కమ్’. నాయనా, నాన్నగారు ఒక్కరే కదా! ఇంగ్లీషు క్రియకు ‘గారు’ తెలియదు. అయితే ఒక్క చోట వాళ్ళకూ మన ‘మీరు’ లాంటిది జరిగింది. ‘యూ’ అనేది మొదట్లో బహువచనమే. ఒక్కడిని అనాలంటే ‘దౌ’ ఉండేది. మర్యాద కోసం ఒక్కడిని కూడా ‘యూ’ అనడం మొదలుపెట్టి, చివరికి ‘దౌ’ను వదిలేశారు. అందుకే ఎదురుగా ఒక్కడే ఉన్నా ‘యూ ఆర్’. ఇది మన పాఠంలో లేదు, ఊరికే చెప్పాను.

రెండు దండల కథ

ఇప్పుడు ఒక కథ చెప్తాను. నా సొంత తప్పు. బడి పేరు చెప్పను, మనిషి పేరు అసలే చెప్పను. నేను ప్రభుత్వ ఉద్యోగంలోకి రాకముందు ఒక ప్రైవేటు బళ్ళో పనిచేశాను. వార్షికోత్సవం వచ్చింది. ఆహ్వానపత్రిక ఇంగ్లీషులో వెయ్యాలన్నారు. బళ్ళో ఇంగ్లీషు మాస్టారిని నేను, కొత్తగా బీఈడీ చేసి వచ్చాను, ఊపు మీదున్నాను. ఆ బడికి సెక్రటరీ, కరస్పాండెంటు రెండూ ఒక్కరే. రెండు పదవులు, ఒక మనిషి. నేనేం రాశాను? ‘ది సెక్రటరీ అండ్ ది కరస్పాండెంట్ హ్యావ్ కైండ్లీ కన్సెంటెడ్ టు ప్రిసైడ్’. అప్పట్లో అచ్చు అక్షరాలు ఒక్కొక్కటీ పేర్చేవాళ్ళు. ప్రెస్సులో ప్రూఫు నేనే చూశాను. తప్పేమీ కనబడలేదు. ఎందుకు కనబడుతుంది, రాసింది నేనే కదా!

సభ రోజు వేదిక ఏర్పాట్లు చూసే డ్రిల్లు మాస్టారు ఆ కార్డు చేతిలో పెట్టుకుని కుర్చీలు వేయించాడు. ఆయన కార్డు సరిగ్గానే చదివాడు. ‘ది’ రెండుసార్లు ఉంది, ‘హ్యావ్’ ఉంది. అంటే ఇద్దరు. మధ్యలో రెండు పెద్ద కుర్చీలు, పళ్ళెంలో రెండు బంతిపూల దండలు. కరస్పాండెంటుగారు వచ్చి ఒక కుర్చీలో కూర్చున్నారు. రెండో కుర్చీ ఖాళీ. పది నిమిషాలైంది, పావుగంటైంది. జనంలో గుసగుసలు. ‘సెక్రటరీకీ కరస్పాండెంటుకీ పడటం లేదంట, అందుకే రాలేదంట’. ఆ మాట వేదిక దాకా వచ్చింది. ఆయన నన్ను పిలిచి చెవిలో అడిగారు, ‘ఎవరయ్యా ఇంకొకాయన?’

నేను రాయాల్సింది ఏమిటి? ‘ది సెక్రటరీ అండ్ కరస్పాండెంట్ హ్యాజ్’. ‘ది’ ఒక్కటి, ‘హ్యాజ్’. అప్పుడు మనిషి ఒక్కడు. ‘ది సెక్రటరీ అండ్ ది కరస్పాండెంట్ హ్యావ్’ అంటే మనుషులు ఇద్దరు. ఒక చిన్న ‘ది’, ఒక క్రియ. అంతమాత్రానికి ఒక కుర్చీ, ఒక దండ ఎక్కువయ్యాయి, ఊళ్ళో ఒక తగాదా పుట్టింది. ‘మై ఫ్రెండ్ అండ్ గైడ్ ఈజ్ హియర్’ అన్నా ఇదే లెక్క. మనిషిని లెక్కపెట్టండి, పదవుల్ని కాదు.

‘ఎవ్రీ’, ‘ఈచ్’ సంగతి తొందరగా చెప్పేస్తాను. ‘ఎవ్రీ బాయ్ అండ్ ఎవ్రీ గర్ల్ హ్యాజ్ ఎ స్లేట్’. మార్కాపురం పలకలు పంచుతున్నామనుకోండి. వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్కటి పెడతాం. ‘ఎవ్రీ’ అనేది అలా ఒక్కొక్కరినే ముందుకు పిలుస్తుంది. అందుకే ఏకవచనం. కానీ ‘ఈచ్’ వెనక్కి వస్తే బలం పోతుంది. ‘రాజు అండ్ రవి ఈచ్ హ్యావ్ ఎ స్లేట్’. అప్పటికే ఇద్దరినీ కలిపి పిలిచేశాం కదా. చాలు.

ఇప్పుడు అసలైన చోటుకు వస్తున్నాను. ఉద్యోగ పరీక్షల్లో ఎక్కువమందిని పడగొట్టేది ఇదే. ‘అలాంగ్ విత్’, ‘టుగెదర్ విత్’, ‘యాజ్ వెల్ యాజ్’. ఇక్కడ మీ తెలుగు చెవిని పూర్తిగా నమ్మండి. రైతు ఎద్దులు తోలుకుని ఇంటికొచ్చాడు. ఒంగోలు గిత్తలే అనుకోండి, మన ప్రాంతం పరువు ఎందుకు తగ్గించడం. ‘ఎద్దులతో పాటు రైతు ఇంటికి...’ పూర్తి చెయ్యండి. ఆ... ‘వచ్చాడు’. ఎవరైనా ‘వచ్చాయి’ అన్నారా? ఒక్కరూ అనలేదు. ఎద్దులు రెండున్నాయి, రైతు ఒక్కడే, కలిపితే ముగ్గురు. అయినా ‘వచ్చాడు’ అన్నారు. ఎందుకు? ‘తో’ తగిలింది. ‘తో’ తగిలిన మాట పక్కకు జరుగుతుంది. పెళ్ళిలో తోడు పెళ్ళికొడుకులా. బట్టలు కొత్తవే, పక్కనే కూర్చుంటాడు, ఫొటోలో పడతాడు, కానీ తాళి కట్టడు.

‘అలాంగ్ విత్’ అంటే మన ‘తో పాటు’. ‘ది ఫార్మర్, అలాంగ్ విత్ హిజ్ బుల్స్, హ్యాజ్ కమ్’. బుల్స్ క్రియకు ఆనుకుని నిలబడ్డాయి, పెద్దగా ఉన్నాయి, కొమ్ములున్నాయి. అయినా క్రియ వాటి మాట వినదు, ఫార్మర్ మాటే వింటుంది. తెలుగులో అయితే ‘తో పాటు’ ముందొచ్చి కర్త క్రియ పక్కనే ఉంటాడు, మనకు దారి తప్పదు. ఇంగ్లీషులో మధ్యలో దూరి అడ్డం నిలబడుతుంది. మీరు తప్పు చేసేది తెలియక కాదు, అడ్డం వచ్చినవాడిని చూసి. పెన్సిలు పెట్టి ఆ ముక్కను కొట్టేసి చదవండి.

‘యాజ్ వెల్ యాజ్’ ఇంకొంచెం గడుసుది. దాన్ని మనం ‘కూడా’ అని తెలుగు చేసుకుంటాం. ‘రవీ, వాళ్ళ తమ్ముళ్ళు కూడా’ అనుకోగానే దీర్ఘం వచ్చేస్తుంది, దీర్ఘం రాగానే ‘హ్యావ్’ వచ్చేస్తుంది. వద్దు. దాన్ని కూడా ‘తో పాటు’ అనే అనుకోండి. ‘రవి, యాజ్ వెల్ యాజ్ హిజ్ బ్రదర్స్, హ్యాజ్ కమ్’. ఇంగ్లీషువాళ్ళే అప్పుడప్పుడు దీన్ని ‘అండ్’ లాగా వాడేసి బహువచనం పెడతారు. వాళ్ళు పెట్టుకోనీండి. వాళ్ళెవరూ మీ పేపరు దిద్దరు.

ఎద్దుల మాట వచ్చింది కాబట్టి ఒకటి అడుగుతాను. ‘తో’ తీసేసి దీర్ఘాలు పెట్టండి. ‘రైతూ ఎద్దులూ ఇంటికి...’ ఇప్పుడేమంటారు? వచ్చారా, వచ్చాయా? చూశారా, సగం మంది ఇటు, సగం మంది అటు. కొందరు నోరే తెరవలేదు. మనుషుల్నీ పశువుల్నీ ఒకే పీట మీద కూర్చోబెడితే మన క్రియకు దిక్కుతోచదు. అప్పుడు మనం గుట్టుగా ఏం చేస్తాం? వాక్యమే మార్చేస్తాం. ‘రైతు ఎద్దుల్ని తోలుకొచ్చాడు’ అంటాం. ఇది గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

కందుకూరు ఏ జిల్లా?

ఇప్పుడు ‘ఆర్’. అంటే ‘అదో ఇదో’ అనే ‘ఆర్’. దీనికి మన కందుకూరు కంటే మంచి ఉదాహరణ లేదు. పెద్దవాళ్ళకు తెలుసు. మన ఊరు 1970 దాకా నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా పుట్టింది, మనల్ని అందులో కలిపారు. 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో మళ్ళీ మనల్ని నెల్లూరు జిల్లాలో కలిపారు, ఆ తర్వాత మళ్ళీ ప్రకాశంలోకి తెచ్చారు. ఊరు అంగుళం కదల్లేదు. బోర్డులే మారాయి. అయితే ఏ రోజు చూసినా మనం నెల్లూరులోనో, ప్రకాశంలోనో, ఏదో ఒక్కదాంట్లోనే ఉన్నాం. రెండింటిలో ఒకేసారి లేం. ‘ఆర్’ అంటే అదీ. ‘నెల్లూరు అండ్ ప్రకాశం ఆర్ డిస్ట్రిక్ట్స్’. ‘నెల్లూరు ఆర్ ప్రకాశం ఈజ్ అవర్ డిస్ట్రిక్ట్’. రెండు పేర్లు కనబడ్డాయని మోసపోకండి. ఎంచుకునేది ఒకటి.

మరి ఒకవైపు ఒక్కడు, ఇంకోవైపు పదిమంది ఉంటే? ‘నీదర్ ది టీచర్ నార్ ది స్టూడెంట్స్ హ్యావ్ కమ్’. తిప్పండి. ‘నీదర్ ది స్టూడెంట్స్ నార్ ది టీచర్ హ్యాజ్ కమ్’. ఇక్కడ క్రియ పక్కవాడి మాట వింటుంది. బస్సులో పక్క సీటాయన ఎటు ఒరిగితే మనమూ అటు ఒరిగినట్టు. ‘నాట్ ఓన్లీ, బట్ ఆల్సో’ కూడా ఇంతే. ఇందాక తిప్పి రాసిన ‘టీచర్ హ్యాజ్’ వ్యాకరణం ప్రకారం ఒప్పే, కానీ చెవికి కొంచెం గుచ్చుకుంటుంది. అందుకని మీ చేతిలో ఉంటే బహువచనాన్ని క్రియ పక్కన కూర్చోబెట్టండి. సాఫీగా పోతుంది.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పమ్మా. ‘సార్, ఐదర్ యూ ఆర్ ఐ... రాంగ్. మధ్యలో ఏం పెట్టాలి?’ బాగా అడిగావు. పక్కవాడి రూలు ప్రకారం ‘ఐ’ పక్కనుంది కాబట్టి ‘ఐదర్ యూ ఆర్ ఐ యామ్ రాంగ్’. పరీక్షలో అదే రాయి. కానీ మనుషులు అలా మాట్లాడుకుంటారా? తెలుగులో నువ్వెలా అంటావు? ‘తప్పు నీదో నాదో’. క్రియే లేదు! ఎంత హాయి! ‘నువ్వో నేనో వెళ్ళాలి’. ‘వెళ్ళాలి’కి ఎవరైనా ఒకటే. మన భాష ఇలాంటి చోట మెల్లగా పక్క సందులోంచి తప్పుకుంటుంది. ఇంగ్లీషుకూ ఆ సందులున్నాయి. ‘మస్ట్’, ‘షుడ్’, ‘విల్’, ‘కెన్’. వీటికి వచనం లేదు. ‘ఐదర్ యూ ఆర్ ఐ మస్ట్ గో’. లేదా వాక్యాన్ని విడగొట్టు, ‘ఐదర్ యూ ఆర్ రాంగ్, ఆర్ ఐ యామ్’. ఇందాక రైతు ఎద్దుల్ని తోలుకొచ్చినట్టు.

ఇంకొకటి. మీలో చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు కదా. పరలోక ప్రార్థన చివర ఏమంటారు? ‘రాజ్యము, బలము, మహిమ నిరంతరము నీవై యున్నవి’. ‘ఉన్నవి’. మూడు కదా, బహువచనం. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో అది ‘దైన్ ఈజ్ ది కింగ్‌డమ్, అండ్ ది పవర్, అండ్ ది గ్లోరీ’. ‘ఈజ్’! మూడు పెట్టుకుని ‘ఈజ్’ ఏంటి? క్రియ ముందొచ్చేసింది. వెంటనే ఎదురైంది కింగ్‌డమ్. దాన్ని చూసి సర్దుకుంది, మిగతా రెండూ తర్వాత వచ్చి చేరాయి. మనం రోజూ ‘దేర్ ఈజ్ ఎ టేబుల్ అండ్ టూ చైర్స్’ అనడం కూడా ఇదే. మాటల్లో ‘ఈజ్’ అనేస్తారు, ఎవరూ తప్పుపట్టరు. పరీక్షలో ‘ఆర్’ పెట్టండి, మార్కు పోదు.

‘టూ అండ్ టూ’ సంగతి ఏమిటని అడుగుతున్నాడు ఈ అబ్బాయి. ఈజ్ ఫోరా, ఆర్ ఫోరా? రెండూ వాడతారు నాయనా, రెండూ ఒప్పే. లెక్క ఒకటి అనుకుంటే ‘ఈజ్’, అంకెలు రెండు అనుకుంటే ‘ఆర్’. మనకు ‘రెండూ రెండూ నాలుగు’. అక్కడా క్రియ లేదు.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. ఇంకెవరైనా? చివర్లో ఆ అమ్మాయి. ఏంటమ్మా, గట్టిగా చెప్పు. రెండో దండ ఏమైందనా? గ్రామర్ అడుగుతావనుకుంటే! అది పళ్ళెంలోనే ఉండిపోయింది. సభ అయ్యాక మా అటెండరు ఇంటికి తీసుకెళ్ళాడు. మర్నాడు పొద్దున నేను బడికి వెళ్తుంటే వాళ్ళ గేదె మెళ్ళో ఉంది. అప్పటికే సగం నమిలేసింది.